క్లచ్ మార్చాక గేరు గరగరమంటుంటే: ఘాట్ రోడ్డు ఎక్కేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీక మాసంలో శ్రీశైలానికి, బ్రహ్మోత్సవాలకు తిరుమలకు, చలికాలంలో అరకుకు సొంత కారులో వెళ్లాలనుకునేవారు చాలామంది వారం పది రోజుల ముందే బండిని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి, అరిగిన క్లచ్‌ను మార్పించుకుంటారు. ముందుచూపుతో చేసే మంచి పనే అది. అయితే గేర్‌బాక్స్ దించి, కొత్త క్లచ్ సెట్ వేసి, తిరిగి బిగించిన బండిలో గేరు వేసేటప్పుడు ఇనుముతో ఇనుము రాసుకుంటున్నట్టు గరగరమని శబ్దం వస్తే, "కొత్త క్లచ్ కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అన్న మాటను నమ్మి కొండ ఎక్కకూడదు. క్లచ్ లోపలి కొత్త ప్లేటు సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుందన్నది నిజమే. కానీ ఆ సర్దుబాటు ప్లేటు పట్టుకోవడానికి సంబంధించినది, వదలడానికి సంబంధించినది కాదు. పెడల్ తొక్కగానే ఇంజన్, గేర్‌బాక్స్ పూర్తిగా విడిపోవడం మొదటి రోజు నుంచే జరిగి తీరాలి.

ఘాట్ రోడ్డు విషయంలో ఇంతగా చెప్పడానికి కారణం ఎక్కడం కాదు, దిగడం. తిరుమలలో ఎక్కడానికి రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు వాడతారు. మలుపు మీద మలుపు వచ్చే అలాంటి దారిలో బండి వేగాన్ని ఎప్పుడూ బ్రేకులతోనే ఆపుతూ పోతే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి, ఇంజన్ పట్టుతో దిగుతాము. మూడు నుంచి రెండుకు మార్చబోతే గేరు గరగరమని పడకుండా మొరాయించిన ఆ కొద్ది క్షణాలు బండి న్యూట్రల్‌లో పల్లానికి జారుతూ ఉంటుంది. నన్ను భయపెట్టేది ఆ క్షణాలే.

కనుక బయలుదేరడానికి కనీసం మూడు నాలుగు రోజుల ముందే, తప్పు ఎక్కడుందో ఇంటి దగ్గర తేల్చుకోవాలి. పరీక్షకు సమతలంగా, ఆరుబయట ఉన్న చోటు కావాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. బండికి ముందూ వెనుకా మనుషులు, ముఖ్యంగా పిల్లలు లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేయాలి. పెడల్ కింద కాలిపట్టా మడత పడి అడ్డం వస్తోందేమో మొదట చూడాలి. అంత చిన్న కారణం వల్ల కూడా పెడల్ చివరిదాకా వెళ్లకపోవచ్చు.

ఇంజన్ ఆపి ఉండగా గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడాలి. అప్పుడే గేరు బిగుసుకుంటూ ఉంటే, గేర్‌బాక్స్ దించినప్పుడు విప్పిన గేరు కేబుళ్లు లేదా రాడ్లు సరిగా సెట్ కాలేదని మొదట అనుమానించాలి. అవి సులువుగా పడుతూ ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్‌ను పూర్తిగా తొక్కి పట్టి, నెమ్మదిగా పది లెక్కపెట్టాక రివర్స్ వేయాలి. పది లెక్కపెట్టమనడానికి కారణం ఉంది: పెడల్ తొక్కి క్లచ్ విడిపోయాక కూడా గేర్‌బాక్స్ లోపలి షాఫ్టు తిరిగిన ఊపు ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, చాలా బండ్లలో రివర్స్‌కు ఆ వేగాన్ని సమం చేసే సింక్రో రింగు ఉండదు. పది సెకన్ల తర్వాత కూడా గరగరమంటే ఆ షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉందని, అంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. పెడల్ తొక్కే ఉంచి మొదటి గేరు వేసినప్పుడు బండి ముందుకు పాకబోయినా అదే సూచన.

క్లచ్ వదలడం లేదని తేలితే, తర్వాతి ప్రశ్న అది కేబుల్ బండా, ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బండా అన్నది. మారుతి 800, ఆల్టో వంటి బండ్లలో కేబుల్ ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ పైభాగంలోని ఖాళీ కదలిక తగ్గుతూ వస్తుంది, దానికి తగ్గట్టు ఏళ్ల తరబడి కేబుల్‌ను వదులు చేస్తూ వచ్చి ఉంటారు. కొత్త మందమైన ప్లేటు పడగానే ఆ ఖాళీ ఒక్కసారిగా పెరుగుతుంది. పాత సెట్టింగునే వదిలేస్తే పెడల్ సగం ప్రయాణం వృథా అయిపోయి, క్లచ్ సగమే వదులుతుంది. చాలా చిన్న కార్లలో ఈ ఖాళీ సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్న కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి. శబ్దం పోవాలని కేబుల్‌ను మరీ బిగిస్తే క్లచ్ ఎప్పుడూ కొంచెం తొక్కినట్టే ఉండి, ఎక్కుడులో జారి మాడిపోతుంది.

హైడ్రాలిక్ బండిలో పెడల్‌ను వరుసగా మూడు నాలుగుసార్లు తొక్కాక గేరు మెత్తగా పడుతోందంటే, పైపులో గాలి చేరిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. మెకానిక్‌లు ఎయిర్ తీయడం అనే పని అప్పుడు మళ్లీ జరగాలి. అంతటితో తృప్తి పడకుండా ఆయిల్ మట్టాన్ని గుర్తు పెట్టుకుని రెండు రోజులు గమనించాలి. మట్టం తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. చాలా బండ్లలో క్లచ్‌కూ బ్రేకులకూ ఒకే డబ్బాలోని బ్రేక్ ఆయిల్ వెళుతుంది కనుక, ఆ కారుడు ఉన్నంతవరకు బండిని కొండకు కాదు, ఊరు దాటించడం కూడా తగదు. ఆయిల్ పోయాల్సి వస్తే మూత మీద రాసిన రకమే, కొత్తగా విప్పిన సీసాలోదే పోయాలి. అది కంట పడకుండా, పెయింటు మీద ఒలకకుండా చూసుకోవాలి, ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

సెట్టింగు సరిగానే ఉండి, గాలి కూడా లేకపోతే మిగిలినవి గేర్‌బాక్స్ మళ్లీ దించితే తప్ప తెలియని కారణాలు. ప్లేటును తిరగేసి బిగించడం, గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు మీద వేలాడి అది వంగిపోవడం, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగును కదిపే ఫోర్కు తన స్థానంలో కూర్చోకపోవడం వంటివన్నీ బిగింపులో జరిగే పొరపాట్లే. ఒకసారి మా బండికి ఇదే జరిగింది. బిగించిన గ్యారేజీలో నాలుగు రోజులు తిప్పమన్నారు, తిప్పాను. ఐదో రోజు మరొకరు దించి చూస్తే ప్లేటు వంగి ఉంది, ఆ నాలుగు రోజుల గరగరకు రివర్స్ గేరు పళ్ల అంచులు కూడా చిట్లాయి. మొదటి రోజే దించమని పట్టుబట్టి ఉంటే ప్లేటు ఖర్చుతో పోయేది.

రివర్స్ పరీక్షలో ఏ శబ్దమూ లేకుండా, నడుస్తున్నప్పుడు ఒక్క రెండో గేరో మూడో గేరో మాత్రమే గరగరమంటే దోషం క్లచ్‌ది కాకపోవచ్చు. ఆ గేరు సింక్రో రింగు అంతకుముందే అరిగి ఉండవచ్చు. లేదా గేర్ ఆయిల్ తక్కువై ఉండవచ్చు. ముందు చక్రాలతో నడిచే కార్లలో గేర్‌బాక్స్ దించేముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు లాగితే ఆయిల్ కారిపోతుంది. తిరిగి ఎన్ని లీటర్లు పోశారో, ఏ రకం పోశారో అడిగి బిల్లులో రాయించుకోవాలి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగే గేర్‌బాక్స్‌లో జీఎల్-5 రకం పోస్తే, అందులో కలిపే రసాయనాల వల్ల కొన్ని బండ్లలో ఇత్తడి సింక్రో రింగులు పాడయ్యే ప్రమాదం ఉంది.

అన్నీ సరిచేయించుకున్నాక కూడా, కొండకు ముందు ఊళ్లో ట్రాఫిక్‌లో ఓ గంట నడిపి, ఇంజన్ బాగా వేడెక్కాక రివర్స్ పరీక్షను మళ్లీ చేయాలి. గాలి మిగిలి ఉంటే వేడికి వ్యాకోచించి, చల్లగా ఉన్నప్పుడు దాగిన లోపం అప్పుడు బయటపడుతుంది. ఇన్ని చేసినా దారిలో గేరు మొరాయిస్తే న్యూట్రల్‌లో ఒక్క మలుపు కూడా తిరగకుండా, బ్రేకు గట్టిగా తొక్కి పక్కకు ఆపాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. మట్టం తగ్గి ఉంటే బండిని అక్కడే ఉంచి, సహాయం పిలిచి, ఇంట్లోవాళ్లను రోడ్డుకు దూరంగా కొండవైపు నిలబెట్టాలి.