స్క్రీన్‌ప్లే పాఠాలు – 9: అండర్‌కవర్ కథలో ట్రాకులు ఎక్కువైపోతే

కిందటి పాఠంలో వన్‌లైన్ ఆర్డర్, అంటే సీనుకో లైను చొప్పున కథ వరస, రాసుకున్నాం. ఈసారి దాన్ని ముందేసుకుని కోత పెడదాం.

అభ్యాసానికి కథ ఇది. విశాఖ పోర్టులో కంటైనర్లలో మత్తుమందు దిగుతోంది. సూరి అనే పోలీసు ట్రైలర్ డ్రైవరుగా ముఠాలో చేరాడు. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత రాస్తూ రాస్తూ ఇంకో ఐదు ట్రాకులు తెచ్చి పెడతాం: తండ్రిని చంపినవాడి మీద పగ, డిపార్ట్‌మెంటులో ద్రోహి, ముఠా నాయకుడి చెల్లెలితో ప్రేమ, విదేశీ విలన్ చేతిలో క్షిపణి, హ్యాకర్ స్నేహితుడు. మొత్తం ఆరు.

ముందు లెక్క వేయండి. పేజీకి నిమిషం చొప్పున రెండున్నర గంటల సినిమాకు 150 పేజీలు. ఐదు ఫైట్లు, నాలుగు పాటలు, ఒక్కోటి నాలుగు నిమిషాలనుకున్నా 36 నిమిషాలు పోయాయి. మిగిలిన 114 నిమిషాలను ఆరు ట్రాకులకు పంచితే తలా 19 నిమిషాలు. ఆ 19 నిమిషాల్లోనే ప్రేమ పుట్టాలి, మనం నమ్మాలి, అది విరగాలి. కుదరదు. అందుకే జరగాల్సినవన్నీ పాత్రల నోట చెప్పించేస్తాం. మిషన్ గురించి బల్ల చుట్టూ కూర్చుని మూడు పేజీలు మాట్లాడుకునే సీన్లు అలా పుట్టినవే.

ఇప్పుడు సీనుకో కార్డు తీసుకోండి. పైన ఏం జరుగుతుందో ఒక్క వాక్యం. కింద మూలన ఒక గుర్తు: ఆ సీను అయ్యాక సూరి దొరికిపోయే ప్రమాదం పెరిగితే ప్లస్, తగ్గితే మైనస్, మారకపోతే సున్నా. మైనస్ తప్పు కాదు, ఉత్కంఠ తర్వాత ఊపిరి పీల్చుకోవడానికి అది కావాలి. వరసగా మూడు సున్నాలు వస్తే మాత్రం కథ అక్కడ ఆగిపోయినట్టే. క్షిపణి కార్డులన్నీ సున్నాలే అవుతాయి చూడండి. ఊరంతా పోతుందన్న భయం ఎంత పెద్దదైనా, సూరి ముసుగు జారుతుందా లేదా అన్నదానితో దానికి లంకె లేదు. తీసేయండి.

ఒక సీను దగ్గరగా చూద్దాం. చెక్‌పోస్టు దగ్గర ట్రైలర్ ఆగింది. సూరి పక్కన ముఠా మనిషి కూర్చున్నాడు. కాగితాలు అడిగిన కానిస్టేబుల్ ట్రైనింగులో సూరి బ్యాచ్‌మేట్. గుర్తుపట్టాడు. నోరు తెరవబోయి, సూరి కళ్లలోకి చూసి ఆగాడు. అడగాల్సిన పేరు అడగకుండా లారీ నంబరు మాత్రం అడిగాడు. పేజీ కూడా పట్టదు. ఇందులోకి హ్యాకర్ ఫోన్ చేసి క్షిపణి సంగతి చెప్పాడనుకోండి, చూసేవాడి కళ్లు కానిస్టేబుల్ మొహం మీంచి జారిపోతాయి. సీను చచ్చిపోతుంది.

రెండో పని, ‘ఎవరికి ఏం తెలుసు’ పట్టిక. అడ్డంగా సూరి, పై అధికారి, నాయకుడు, చెల్లెలు, ప్రేక్షకుడు, నిలువుగా సీన్లు. 2002లో వచ్చిన హాంకాంగ్ సినిమా ‘ఇన్ఫర్నల్ అఫైర్స్’ 101 నిమిషాల్లో అంత బిగువుగా ఉండటానికి ఈ లెక్కే కారణం. అందులో ముఠాలో రహస్యంగా చేరిన పోలీసు ఏజెంటు అసలు సంగతి తెలిసినవాడు పై అధికారి ఒక్కడే. అతన్ని చంపేశాక ఏజెంటు ఫైలు డిపార్ట్‌మెంటులో దాగిన ముఠా మనిషి చేతిలోనే పడుతుంది. మన కథలో సూరి రహస్యం అధికారికీ హ్యాకర్‌కీ కూడా తెలిస్తే, ఒకరు పోయినా ఇంకొకరున్నారు కదా అని ప్రేక్షకుడు నిశ్చింతగా కూర్చుంటాడు. హ్యాకర్‌ని తీసేసి, అతని అవసరమైన పనులు అధికారికి ఇవ్వండి. ద్రోహి ట్రాకు మాత్రం ఉండాలి, అది ప్రమాదాన్ని నేరుగా పెంచుతుంది. తండ్రి పగ అక్కర్లేదు.

ఇక ప్రేక్షకుడి గడి. ‘పోకిరి’ (2006)లో హీరో పండు పోలీసని చివరిదాకా మనకు చెప్పరు. ఆ దారి పడితే దొరికిపోతాడన్న భయం వాడుకోలేం. కథను ప్రేమా, ముఠాల గొడవా మోయాలి. ఏదో ఒక దారి ఎంచుకోండి. దాచే దారైతే సూరి ఒంటరిగా ఉన్న ప్రతి కార్డూ మళ్లీ చదవండి: ఎవరూ చూడనప్పుడు కూడా నేరస్థుడిలా నటిస్తుంటే, గుట్టు విప్పాక అది మోసంలా ఉంటుంది. ఆ సీను తీసేయండి, లేదా రెండు రకాలుగానూ నిజమయ్యేట్టు తిరగరాయండి.

వచ్చే పాఠానికి ఇంటర్వెల్ ముందు పది కార్డులు, గుర్తులతో సహా, సిద్ధం చేసుకోండి. చెల్లెలికి సూరి మీద మొదటి అనుమానం ఏ కార్డులో వస్తుందో పెన్సిల్‌తో రాసి ఉంచండి. దాని చోటు మార్చాల్సి వస్తుంది.