మంచి పోతు సంతకు పోతే మందకు తండ్రి ఎవరు? గంజాం మేకల్లో విత్తనపు పోతు ఎంపిక

కార్తీకమంతా నీసు ముట్టని ఒడిశాలోని గంజాం జిల్లా ఊళ్ళు పున్నమి మర్నాడు, ఛాడఖాయి పూట, మాంసం కొట్ల ముందు బారులు తీరతాయి. దళారి అంతకు వారం పది రోజుల ముందే మందల చుట్టూ తిరుగుతాడు. ఎత్తు, రొమ్ము, కొమ్ము చూసి వేలు పెట్టి చూపిస్తాడు. అతని వేలు ఆగేది ఆ ఏడు పుట్టినవాటిలో అన్నిటికన్నా బాగా ఎదిగిన పోతు మీదే. ఎవరూ అడగని గిడసబారిన పోతు దొడ్డిలో మిగిలిపోతుంది. తొలకరికి మేకలు ఎదకొచ్చేసరికి మందకంతా తండ్రి అయ్యేది అదే. దసరాకు, బక్రీదుకు, అమ్మోరి పండక్కి కూడా వరస ఇదే.

గంజాం మేక గొల్లల చేతిలో తయారైన జాతి. పొడుగు కాళ్ళు, ఎక్కువగా నలుపు, నిటారుగా పైకి లేచే పొడవాటి కొమ్ములు దాని గుర్తులు. ఎదిగిన పోతు 40 కిలోలు దాటాలి. మీ మందలో పోతులు ఏటేటా పొట్టివవుతుంటే మేతనీ, కడుపులో పురుగుల్నీ ఎలాగూ చూస్తారు. అమ్మకాల వరసను మాత్రం చాలామంది అనుమానించరు.

ఈ వరస ఏం చేస్తుందో ఉత్తర అమెరికా అడవి గొర్రెల్లో కొలిచి చూశారు. అక్కడి బిగ్‌హార్న్ పొట్టేలు కొమ్ము చెవి చుట్టూ సుడి తిరుగుతుంది, వేటగాళ్ళకు ఆ కొమ్మే బహుమతి. కెనడాలోని అల్బెర్టాలో కొమ్ము సుడి ఐదింట నాలుగు వంతులు తిరిగిన పొట్టేలునే కాల్చాలని నియమం ఉండేది. వినడానికి బాగానే ఉంది. కానీ కొమ్ము త్వరగా పెరిగే రక్తం ఉన్న పొట్టేళ్ళు లేత వయసులోనే ఆ కొలతకు చేరి, మందలో పెత్తనం దక్కి ఎక్కువ పిల్లల్ని కనే వయసు రాకముందే తూటాకు పోయేవి. కొమ్ము పొట్టివే బతికి తండ్రులయ్యేవి. రామ్ మౌంటెన్ అనే కొండమీద దాదాపు 30 ఏళ్ళ కొలతలు కూర్చి 2003లో నేచర్ పత్రికలో అచ్చువేశారు: పొట్టేళ్ళ బరువూ, కొమ్ము పొడవూ రెండూ తగ్గాయి. అక్కడ తుపాకీ చేసిన పని ఇక్కడ సంత చేస్తోంది. తేడా ఒక్కటే, మన మందలో ఏది ఉండాలో తేల్చేది మనమే.

ఎన్ని పోతులు ఉంచాలి

పాతిక ముప్పై మేకలకు ఒక ఎదిగిన పోతు. ఏడాది నిండిన కుర్రపోతుకైతే పది పన్నెండు మించి వదలకండి. అరవై మేకల మందకు మూడు పోతులు ఉండాలి. రెండు పనికి, ఒకటి దెబ్బ తగిలినా జబ్బు పడినా అక్కరకు.

ఒక్కదానితో నెట్టుకొస్తే మేత కలిసొస్తుంది గానీ రక్తం చిక్కబడుతుంది, అంటే దగ్గరి చుట్టాల మధ్యే పిల్లలు పుడతాయి. బయటి పోతు రాని యాభై మేకల మందలో ఒకే పోతు ఉంటే రక్తసంబంధం తరానికి దాదాపు 13 శాతం చొప్పున పెరుగుతుంది. మూడు పోతులుంటే అది నాలుగున్నర శాతానికి దిగుతుంది. మేకల సంఖ్య యాభై నుంచి వంద చేసినా ఈ లెక్క పెద్దగా మారదు, పోతుల సంఖ్యే మారుస్తుంది. చిక్కబడ్డ రక్తం మొదట బయటపడేది పిల్లల చావుల్లో, చూలు నిలవకపోవడంలో. బరువు తగ్గడం ఆ తర్వాత కనిపిస్తుంది.

ఎంపిక మూడు విడతల్లో

మొదటి విడత పాలు మాన్పే మూడో నెలలో. ఇరవై పోతుపిల్లలుంటే అయిదారింటిని గుర్తు పెట్టండి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒంటరిగా పుట్టిన పిల్ల తల్లి పాలన్నీ తాగి బొద్దుగా కనిపిస్తుంది. కవలల్లో ఒకటి దానికన్నా రెండు కిలోలు తక్కువ తూగినా రక్తంలో తీసిపోదు. కవలను కవలతో, ఒంటరిదాన్ని ఒంటరిదానితో పోల్చండి. తొలిచూలు తల్లి పిల్లకు కూడా కొంత వెసులుబాటు ఇవ్వాలి. ఒకే కారులో, ఇరవై రోజుల తేడా లోపల పుట్టినవాటినే పక్కపక్కన నిలబెట్టండి. వానాకాలపు పిల్లనీ వేసవి పిల్లనీ పోలిస్తే మీరు ఎంచుకునేది మేతనే, పోతుని కాదు. తల్లిని కూడా చూడాలి. ఏటా ఈనిందా, పిల్లను బతికించుకుందా, రెండు రొమ్ములూ సమంగా ఉన్నాయా? రొమ్ము చెడిన తల్లి కొడుకు ఎంత అందగాడైనా విత్తనానికి వద్దు.

రెండో విడత తొమ్మిదో నెలలో, టేపుతో. కాటా లేకపోతే ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఛాతీ 28, పొడవు 27 అంగుళాలైతే 32 కిలోలు. పొద్దున్నే, మేతకు వదలకముందు కొలవాలి. నిండు కడుపు మీద ఒకటి రెండు కిలోలు అబద్ధం వస్తుంది.

తర్వాత నోరు. కింది పళ్ళు పై చిగురుకు సరిగ్గా ఆనాలి. కింది దవడ పొట్టిదైన పోతు కొమ్మరెమ్మలు తుంచలేదు, ఆ లోపం పిల్లలకూ పోతుంది. కాళ్ళు వెనక నుంచి చూడండి. వెనక మడమలు ఒకదానికొకటి రాసుకునే పోతు రోజుకు పది కిలోమీటర్లు నడిచే మందలో నిలవదు. వృషణాలు రెండూ దిగి ఉండాలి. చేత్తో పడితే గట్టిగా, సమానంగా, సంచిలో అటూ ఇటూ కదిలేలా ఉండాలి. ఒకటి పైనే ఉండిపోయినది, చిన్నదీ పెద్దదీగా ఉన్నది నేరుగా మాంసానికే. ఒకే వయసు పోతుల్లో వృషణాల చుట్టుకొలత ఎక్కువున్నదానికి మొగ్గు చూపండి.

కొమ్ము గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కాపరి కన్ను ముందు అక్కడికే పోతుంది. పొడవు వయసుతో పెరుగుతుంది కాబట్టి రెండు పళ్ళ పోతునూ నాలుగు పళ్ళ పోతునూ కొమ్ముతో పోల్చడం వృథా. మొదలు దగ్గర లావు, రెండూ సమంగా లేచిన తీరు చూడండి. విరిగిన కొమ్ము రక్తంలోని లోపం కాదు. మెడవైపు వంగి లోపలికి గుచ్చుకునేలా పెరిగేది మాత్రం వద్దు. బిగ్‌హార్న్ కొమ్ము మీద చలికాలపు గీతలు లెక్కపెట్టి వయసు చెప్పొచ్చు. మన వేడి నేలలో మేక కొమ్ము మీది గీతల్ని నమ్మకండి, పళ్ళే ఆధారం. ముందు రెండు పెద్ద పళ్ళు ఏడాది దాటాక, నాలుగు రెండేళ్ళ దగ్గర, ఆరు మూడేళ్ళకు, నోరు నిండేది నాలుగేళ్ళకు.

బోడి పోతు సంగతి వేరు. బయటి జాతులు కలిసిన మందల్లో కొమ్ముల్లేనివి పుడుతుంటాయి, పొడుచుకోవని కొందరు ఇష్టపడతారు కూడా. మేకల్లో బోడితనం తెచ్చే జన్యువే, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చినప్పుడు, ఆడపిల్లను ఆడా మగా కానిదిగా మారుస్తుంది. అది ఎదకు రాదు, ఈనదు. బోడి మేకలున్న మందకు కొమ్ములున్న పోతునే వదలండి, ఈ బెడద ఉండదు.

మూడో విడత రెండు పళ్ళు వేశాక, పద్నాలుగు పదహారు నెలల మధ్య. మిగిలిన మూడు నాలుగింటిని ఎదకొచ్చిన మేక దగ్గరికి ఒక్కొక్కటిగా వదలండి. పది నిమిషాల్లో మేక మీదికెక్కి దాటనిది, దాటబోయి నడుము నొప్పితో దిగిపోయేది తీసేయండి. అన్నిట్లో నెగ్గి మీ అవసరానికి మించి మిగిలిన పోతును మాంసం ధరకు ఇవ్వకండి. విత్తనానికని ఇంకో కాపరికి ఇవ్వండి, లేదా అతని పోతుతో మార్చుకోండి.

మిగిలిన పోతులకు ఖస్సీ

ఎంపిక ఎంత జాగ్రత్తగా చేసినా ఇది వదిలేస్తే అంతా గంగపాలు. పోతుపిల్ల నాలుగైదు నెలలకే చూలు కట్టించగలదు. మీరు ఎంచుకున్న పోతు ఒక పక్క నిలబడి ఉండగానే పొదల చాటున ఈ పిల్లలు పని కానిచ్చేస్తాయి. మొదటి విడతలో మీరు గుర్తు పెట్టనివన్నీ నాలుగో నెల దాటకుండా ఖస్సీ కావాలి, అంటే విత్తులు కొట్టించాలి.

చర్మం కోయకుండా పైనుంచే నరాన్ని నలిపే బర్డిజో పటకారుతో పశువైద్య కేంద్రంలో చేయించండి. వృషణానికి పోయే నరాన్ని సంచి చర్మం పక్కకు జరిపి పట్టుకుని, ఒక్కో వైపు విడిగా నొక్కాలి. రెండు నొక్కులూ ఒకే గీత మీద పడితే సంచికి రక్తం ఆగి కుళ్ళుతుంది, ఒకటి కాస్త పైన, ఒకటి కింద పడాలి. నరం జారిపోతే పోతు పోతులాగే ఉంటుంది. అయిదారు వారాలకు తడిమి చూడండి, వృషణం కుంచించుకుపోకపోతే మళ్ళీ చేయించాలి. ఒడియా సంతల్లో ఖస్సీ మాంసానికే గిరాకీ, వాసన రాదు కాబట్టి. దీనివల్ల డబ్బు పోయేదేమీ లేదు.

మేపు, తవుడు

ఎదకాలానికి రెండు నెలల ముందు నుంచి పోతును చూసుకోవాలి. వీర్యం తయారు కావడానికి ఏడు వారాలు పడుతుంది. ఇవాళ జ్వరమొస్తే దాని ఫలితం చూలు నిలవకపోవడంగా నెల రెండు నెలల తర్వాత కనిపిస్తుంది. మేతకు తోడు రోజుకు 300 గ్రాముల దాణా చాలు. కొవ్విన పోతు కూడా దాటదు.

వరి పండే జిల్లాలో చేతికందేది తవుడు. అదొక్కటే పెట్టడం పోతులకు ప్రమాదం. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. మూత్రనాళంలో రాళ్ళు పడి, పోతు ముక్కుతూ, కాళ్ళు చాపి, చుక్క చుక్కగా పోస్తుంది. చిన్నప్పుడే ఖస్సీ చేసినవాటికి నాళం సన్నం కాబట్టి ఇంకా తొందరగా వస్తుంది. తవుడు దాణాలో మూడో వంతు మించకుండా, మిగతాది జొన్న లేదా మొక్కజొన్న, వేరుశనగ చెక్క కలిపి, లవణ మిశ్రమం, ఉప్పు వేసి పెట్టండి. నీళ్ళు ఎప్పుడూ అందాలి.

ఏ పోతు ఎన్నిటిని దాటింది

గేరుమట్టిని ఆముదంలో ముద్దగా కలిపి పోతు రొమ్ముకు పూయండి. దాటిన మేక నడుము మీద రంగు అంటుతుంది. ఇరవయ్యొక్క రోజులకు రంగు మార్చండి, ఎద తిరిగొచ్చేది అప్పటికే. రెండో రంగు నాలుగైదింటికే పడితే లోపం ఆ మేకలది. సగానికి పైగా మేకలకు పడితే లోపం పోతుది, వెంటనే మార్చాలి. అయిదు నెలలకు ఈతలు చూసుకుంటే ఏ పిల్ల ఎవరిదో తేలుతుంది. మూడు పోతుల్నీ ఒకేసారి కలిపి వదిలేస్తే ఈ లెక్క దొరకదు, విడివిడి గుంపులుగా కట్టండి. చెవి కోత గుర్తులు ఎలాగూ ఉంటాయి. నోటుబుక్కులో పిల్ల, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఒంటరా కవలా, మూడో నెల బరువు ఉంటే చాలు.

పోతు మందలో చేరిన పదహారు పద్దెనిమిది నెలలకే దాని తొలి కూతుళ్ళు ఎదకొస్తాయి. అంతకు ముందే పోతు మారాలి. కోతలయ్యాక పొలాల్లో ఎరువుకు మందలు కట్టేటప్పుడు నాలుగు మందలు ఒకచోట చేరతాయి. మార్పిడికి అంతకన్నా మంచి అదను లేదు.

వచ్చిన పోతును వెంటనే కలపకండి

బిగ్‌హార్న్ గొర్రెల సంఖ్య పడిపోవడం వెనక వేట కన్నా పెద్ద కారణాల్లో ఊపిరితిత్తుల జబ్బు ఒకటి. పెంపుడు గొర్రెలు, మేకలు మోసుకొచ్చే మైకోప్లాస్మా అనే ఒక సూక్ష్మజీవి అడవి మందల్లో చేరి, పెద్దవాటిని చంపి, ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు పుట్టిన పిల్లల్ని కూడా బతకనివ్వదు. 2013లో కాలిఫోర్నియాలోని మొజావే ఎడారి గుట్టల్లో ఎడారి బిగ్‌హార్న్‌లు అలాగే పోయాయి. మోసుకొచ్చిన పెంపుడు జంతువు చాలాసార్లు ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

మార్చుకున్న పోతైనా, సంతలో కొన్నదైనా నాలుగు వారాలు విడిగా కట్టండి. నీళ్ళ తొట్టి, మేత, చూసే మనిషి చెప్పులు కూడా వేరే. మొదటి రోజు పేడ పరీక్ష చేయించి పురుగుల మందు తాగించండి. కింది రెప్ప లోపలి రంగు పాలిపోయి ఉంటే రక్తం తాగే పురుగులున్నట్టే. మందలోని మేకలకు మందు వేసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: చూలు మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు, పిల్ల అవకరంతో పుట్టొచ్చు.

పీపీఆర్ (గొర్రెల్నీ మేకల్నీ చంపే అంటు వైరస్ జబ్బు) టీకా మూడు నాలుగు నెలలు దాటిన ప్రతిదానికీ ఒక మిల్లీలీటరు, చర్మం కింద. రక్షణ మూడేళ్ళు ఉంటుంది. పుట్టే పిల్లలకు ఏటా వేయించాలి. టీకా పొడిని దానికిచ్చిన ద్రవంలో కలిపాక మంచు మీదే ఉంచి రెండు గంటల్లో అయిపోగొట్టాలి. ఎండలో సీసా పట్టుకుని మంద మందకూ తిరిగితే సూది గుచ్చిన గుర్తే మిగులుతుంది, రక్షణ కాదు. టీకా వేయించుకున్నా జబ్బు వచ్చిందని విన్న చోట ముందు అడగాల్సింది ఐస్ డబ్బా గురించే.

అస్కా, బుగుడా వైపు మందలు తోలేవాళ్ళకు ఇంకోటి. బేట్నోయి, బలిపదర్ పొలాల్లో కృష్ణజింకలు మీ మేకలు మేసిన గట్టు మీదే మేస్తాయి. పీపీఆర్ అడవి జీవులకూ సోకుతుంది. 2016, 2017 మధ్య మంగోలియాలో సైగా జింకలు వేలల్లో చచ్చింది దీనితోనే. పారుడు, ముక్కు కారడం, నోటి పుళ్ళు కనిపించిన మందను ఆ పొలాల నుంచి దూరంగా ఆపండి. చచ్చినవాటిని గట్టు మీద పడేయకుండా మనిషి లోతున సున్నం చల్లి పూడ్చండి. జింక కళేబరం కనిపిస్తే చేయి పెట్టకుండా అటవీ శాఖకు చెప్పండి. దాని కొమ్ము ఎంత సుడి తిరిగి ఉన్నా, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.