సొంత కలెక్షన్ క్లాస్ – 4వ పాఠం: మార్పు జరిగితే కబురు పెట్టడం

కిందటి పాఠంలో రాసిన టాస్క్‌ల కలెక్షన్‌ని ఒక లిస్ట్‌బాక్స్‌కి బైండ్ చేసి, కోడ్‌లోంచి కొత్త టాస్క్ చేర్చి చూడండి. తెర మీద ఏమీ మారదు. చేరిన సంగతి లిస్ట్‌బాక్స్‌కి ఎవరూ చెప్పలేదు మరి.

సీ షార్ప్‌లో ఆ కబురు మోసే ఇంటర్‌ఫేస్ పేరు ఐనోటిఫైకలెక్షన్‌ఛేంజ్డ్. అందులో ఉన్నది ఒక్క ఈవెంటే: కలెక్షన్‌ఛేంజ్డ్.

లిస్ట్ క్లాస్‌ని ఇన్‌హెరిట్ చేసి, యాడ్‌ని తిరగరాస్తే సరిపోదా? నేనూ అలాగే అనుకుని ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. లిస్ట్‌లో యాడ్ వర్చువల్ కాదు, అంటే దాన్ని ఇన్‌హెరిట్ చేసిన క్లాస్ తిరగరాయలేదు. న్యూ అనే కీవర్డ్ పెట్టి, అదే పేరుతో మన యాడ్ రాసి పాతదాన్ని కప్పేసినా, మన ఆబ్జెక్ట్‌ని ఎవరైనా లిస్ట్ టైపు వేరియబుల్‌లో పెట్టుకుని యాడ్ పిలిస్తే పాత యాడే నడుస్తుంది. టాస్క్ చేరుతుంది, ఈవెంట్ మాత్రం రాదు.

అందుకే డాట్‌నెట్‌లో కలెక్షన్ అనే పేరుతోనే ఉన్న క్లాస్‌ని బేస్‌గా తీసుకోండి. యాడ్ పిలిచినా ఇన్సర్ట్ పిలిచినా అందులో చివరికి ఇన్సర్ట్‌ఐటమ్ దగ్గరికే వస్తాయి. అలాగే రిమూవ్‌ఐటమ్, సెట్‌ఐటమ్, క్లియర్‌ఐటమ్స్. ఈ నాలుగూ వర్చువల్. 2006లో డాట్‌నెట్ 3.0తో వచ్చిన అబ్జర్వబుల్‌కలెక్షన్ కూడా దీని మీద కట్టిందే.

రిమూవ్‌ఐటమ్ ఇలా ఉంటుంది (కబురుపెట్టు అన్నది కలెక్షన్‌ఛేంజ్డ్‌ని పంపే మన సొంత మెథడ్):

వర్ పాతది = దిస్[ఇండెక్స్];
బేస్.రిమూవ్‌ఐటమ్(ఇండెక్స్);
కబురుపెట్టు(రిమూవ్, పాతది, ఇండెక్స్);

వరుస తప్పకూడదు. తీసేశాక పాతది దొరకదు, కాబట్టి ముందే పట్టుకోవాలి. తీయకముందే కబురు పెడితే, వినేవాళ్లు కౌంట్ చూసుకుంటే పాత లెక్కే కనిపిస్తుంది. ఇండెక్స్ కూడా పంపండి. ఒకే టాస్క్ రెండు చోట్ల ఉంటే ఏది పోయిందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇన్సర్ట్, సెట్ కూడా ఇదే తీరు.

తిప్పలు పెట్టేది క్లియర్. దాని కబురు రీసెట్. అందులో పోయిన వాటి జాబితా ఉండదు, ఓల్డ్‌ఐటమ్స్ నల్. ఒక్కో టాస్క్ ప్రాపర్టీఛేంజ్డ్‌కి (ఆబ్జెక్ట్‌లో ఒక ప్రాపర్టీ మారిందని చెప్పే ఈవెంట్‌కి) మీరు హ్యాండ్లర్ (కబురు అందగానే నడిచే మెథడ్) తగిలించి ఉంటే, రీసెట్ అందాక విప్పడానికి టాస్క్‌లు చేతిలో ఉండవు. కాబట్టి క్లియర్‌ఐటమ్స్‌లో, బేస్‌ని పిలవకముందే, లూప్ తిప్పి విప్పేయండి.

అభ్యాసం: మార్పు జరిగిన ప్రతిసారీ కౌంట్‌కీ, ఇండెక్సర్‌కీ (దిస్[ఇండెక్స్] అని వాడేదానికి) ప్రాపర్టీఛేంజ్డ్ పంపించండి. ఇండెక్సర్‌కి పేరుగా "ఐటమ్[]" అని ఇవ్వాలి. సెట్‌ఐటమ్‌లో కౌంట్ కబురు అవసరమో కాదో మీరే తేల్చండి.

కబురు అందుకున్న హ్యాండ్లరే తిరిగి కలెక్షన్‌ని మారిస్తే? అబ్జర్వబుల్‌కలెక్షన్, వినేది ఒక్కరే అయితే ఊరుకుంటుంది, ఇద్దరుంటే ఎక్సెప్షన్ విసురుతుంది. ఎందుకో 5వ పాఠంలో.