బ్యాక్‌హో లోడర్ బకెట్ సమస్యలు: సీల్ కిట్ కొనే ముందు చూడాల్సినవి

బకెట్ జారినా, బలం తగ్గినా చాలామంది ముందు సిలిండర్ విప్పి సీళ్లు మార్చేస్తారు. కొత్త సీళ్లు పడ్డాక కూడా బకెట్ అలాగే జారుతుంటే అప్పుడు ఆయిల్‌ను సిలిండర్లకు మళ్లించే కంట్రోల్ వాల్వ్ వైపు చూస్తారు. ఈ వరుస తిరగేస్తే డబ్బూ టైమూ మిగులుతాయి. స్పానర్ పట్టేముందు మూడు సంగతులు తేలాలి. ఇబ్బంది ఒక్క బకెట్‌కేనా, లిఫ్ట్ (ముందు ఆర్మ్‌లు), బూమ్ (వెనక చెయ్యి), స్టెబిలైజర్లు (నేలకు ఆనించే పక్క కాళ్లు) అన్నిటికీనా? ఒక వైపు కదలికలోనేనా, రెండు వైపులా? ఆయిల్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

ఇంకో తేడా కూడా ముందే పట్టుకోవాలి. వేగం ఫ్లో మీద, బలం ప్రెషర్ మీద ఆధారపడతాయి. నిండు బకెట్‌ను మెల్లగానైనా పైదాకా ఎత్తుతోందంటే ప్రెషర్ ఉంది, ఆయిల్ చాలినంత రావడం లేదు. ఖాళీ బకెట్ చురుగ్గా కదిలి, లోడు పడగానే ఆగిపోతోందంటే ఆయిల్ వస్తోంది, ప్రెషర్ నిలవడం లేదు.

పైపు విప్పే ముందు

రెండు బకెట్లూ నేలకు దించి ఇంజిన్ ఆపాలి. లివర్లను అన్ని వైపులకూ కొన్నిసార్లు తిప్పితే లైన్లలో మిగిలిన ప్రెషర్ పోతుంది. పైలట్ కంట్రోల్ మోడళ్లలో (లివర్ నేరుగా కాక చిన్న ప్రెషర్‌తో వాల్వ్‌ను కదిలించేవి) ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే ఇది జరుగుతుంది. రైడ్ కంట్రోల్ (నడిచేటప్పుడు ఆర్మ్‌ల కుదుపు తగ్గించే ఏర్పాటు) ఉన్న బండిలో అక్యుములేటర్ (ప్రెషర్ నిల్వ ఉంచే సీసా) ప్రెషర్‌ను మాన్యువల్ ప్రకారం విడిగా వదలాలి. లోడర్ ఆర్మ్‌లు పైకి ఎత్తి కింద పనిచేయాల్సి వస్తే సేఫ్టీ స్ట్రట్ పెట్టకుండా అడుగు కూడా లోపలికి వేయొద్దు.

హోస్‌లో సన్నటి చిల్లు ఉందేమో చేత్తో తడిమి చూడకూడదు. దూరంగా అట్టముక్క పెట్టి చూడాలి. ఆ ప్రెషర్‌లో ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనిపించినా, వెంటనే ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించాల్సిన గాయం అది.

అన్ని కదలికలూ నెమ్మదించాయి

బకెట్‌ను వదిలేసి ట్యాంక్ దగ్గర మొదలుపెట్టండి. ఆయిల్ లెవెల్‌ను మాన్యువల్ చెప్పిన పొజిషన్‌లో బండి నిలిపే చూడాలి. సిలిండర్లు చాచి ఉన్నప్పుడు ఒకలా, ముడిచి ఉన్నప్పుడు ఒకలా చూపిస్తుంది. తర్వాత సక్షన్ స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడ), మెత్తబడి లోపలికి నొక్కుకుపోయిన సక్షన్ హోస్, ఆ తర్వాతే పంపు. పొద్దున బాగా పనిచేసి, ఆయిల్ వేడెక్కాక నీరసిస్తోందంటే అరిగిన పంపునే ముందు అనుమానించాలి. పల్చబడ్డ ఆయిల్ గేర్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది.

బయట ఒక్క చుక్క కారకుండా హైడ్రాలిక్ ఆయిల్ తగ్గుతోందా? పంపు ట్రాన్స్‌మిషన్ మీద బిగించి ఉన్న బండి అయితే ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ తీసి చూడండి. అక్కడ లెవెల్ పెరిగి ఉంటే పంపు షాఫ్ట్ సీల్ పోయినట్టే.

ఒక్క బకెట్‌కే, అదీ ఒక్క వైపే బలం లేదు

ఇక్కడ గేజ్ లేకుండా ఊహించడం దండగ. 0–400 బార్ గేజ్‌ను టెస్ట్ పోర్టుకు తగిలించి, ఆయిల్‌ను 50 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చి, మాన్యువల్‌లో ఇచ్చిన ఆర్‌పీఎం పెట్టండి. బకెట్‌ను చివరిదాకా ముడిచి, లివర్ వదలకుండా రెండు మూడు సెకన్లు పట్టి ఉంచి రీడింగ్ చూడండి. అంతకన్నా ఎక్కువసేపు పడితే ఆయిల్ ఊరికే వేడెక్కుతుంది. తర్వాత డంప్ వైపు, ఆ తర్వాత ఆర్మ్ లిఫ్ట్ చివర ఇలాగే చూడాలి. మెయిన్ రిలీఫ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంక్‌కు వదిలే వాల్వ్) చాలా బండ్లలో 200–250 బార్ మధ్య ఉంటుంది. మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే.

అన్నింటిలోనూ రీడింగ్ ఒకేలా తక్కువగా ఉంటే మెయిన్ రిలీఫ్ లేదా పంపు. బకెట్ ముడిచేటప్పుడు మాత్రమే పడిపోయి మిగతావి బాగుంటే ఆ వైపు పోర్ట్ రిలీఫ్ (ఆ ఒక్క లైన్‌కే ఉండే రిలీఫ్ వాల్వ్), లేదంటే సిలిండర్ పిస్టన్ సీల్. పోర్ట్ రిలీఫ్‌ను తేల్చడం తేలిక. దాని కాట్రిడ్జ్‌ను (విప్పి తీసే వాల్వ్ ముక్క) అదే సెట్టింగ్ ఉన్న ఇంకో వాల్వ్ సెక్షన్ కాట్రిడ్జ్‌తో అటూఇటూ మార్చి చూడండి. లోపం ఆ కాట్రిడ్జ్‌తో పాటే రెండో సెక్షన్‌కు వెళ్లిపోతే దోషి దొరికినట్టే. మీద ఉన్న నంబర్లు కలవకపోతే మార్చకండి. విప్పి చూస్తే చాలాసార్లు సీటు (వాల్వ్ మూసుకునే అంచు) మీద ఓ-రింగ్ తునకో, సన్నటి ఇనప రజనో ఇరుక్కుని కనిపిస్తుంది. శుభ్రంగా కడిగి, సీటు మీద గీత లేకపోతే తిరిగి వాడొచ్చు. గీత పడితే మార్చాల్సిందే.

బలం తగ్గిందని రిలీఫ్ స్క్రూ బిగించే అలవాటు మంచిది కాదు. అరిగిన పంపుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అంతా సరిగా ఉన్న రోజు హోస్ పగలడానికి మాత్రం అది చాలు.

ఒక వైపు బలం సరిపోతున్నా వేగం మాత్రం తగ్గి, రెండో వైపు మామూలుగా ఉంటే హోస్‌ను కూడా అనుమానించండి. లోపలి రబ్బరు పొర ఊడి రేకులా లేస్తే, ఆయిల్‌ను ఒక దిశలో వదిలి రెండో దిశలో అడ్డుకుంటుంది. బయటికి హోస్ కొత్తదిలాగే ఉంటుంది.

లివర్ వదిలినా బకెట్ జారిపోతోంది

ఎక్కువ సీల్ కిట్లు వృథా అయ్యేది ఈ ఫిర్యాదుకే. మొదట లివర్ లింకేజీ చూడండి. స్పూల్ (వాల్వ్ లోపల జరిగి ఆయిల్ దారి మార్చే కడ్డీ) సెంటర్ స్ప్రింగ్ విరిగినా, లింక్ రాడ్ వంగినా, లిఫ్ట్ లివర్ ఫ్లోట్ పొజిషన్‌లో (ఆర్మ్‌లను స్వేచ్ఛగా వదిలే స్థానం) కాస్త పట్టినా ఆర్మ్‌లు దిగిపోతాయి.

అది సరిగా ఉంటే రాడ్ మీద మార్కర్‌తో గీత గీసి, వేడి ఆయిల్‌తో, బకెట్‌లో లోడుతో, ఇంజిన్ ఆపి పది నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలవండి. చల్లటి ఆయిల్‌తో కొలిస్తే జారుడు తక్కువగా కనిపించి మోసపోతాం. స్పూల్‌కూ దాని రంధ్రానికీ మధ్య కొద్ది మైక్రాన్ల సందు ఎలాగూ ఉంటుంది కాబట్టి కాస్త జారడం సహజం. మాన్యువల్ ఇచ్చిన హద్దు దాటిందా అన్నదే చూడాలి.

గీత గీసినప్పుడే అసలైన విషయం గమనించండి: జారేటప్పుడు రాడ్ లోపలికి పోతోందా, బయటికి వస్తోందా? లోడర్ ఆర్మ్‌లు దిగితే లిఫ్ట్ సిలిండర్ రాడ్ లోపలికి పోతుంది. బకెట్ సిలిండర్‌లో అది లింకేజీని బట్టి మారుతుంది.

రాడ్ లోపలికి పోవాలంటే ఆయిల్ సిలిండర్ దాటి బయటికి పోక తప్పదు. పిస్టన్ సీల్ పూర్తిగా పోయినా, రెండు పోర్టులూ వాల్వ్ దగ్గర మూసి ఉంటే లోపలికొచ్చే రాడ్‌కు చోటుండదు. కొద్దిగా కుంగి ఆగిపోతుంది. అలా ఆగకుండా కిందిదాకా దిగుతోందంటే ఆయిల్ స్పూల్ నుంచో పోర్ట్ రిలీఫ్ నుంచో ట్యాంక్‌కు పోతోంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సీల్ పోయినప్పుడు బరువంతా రాడ్ అడ్డకోత వైశాల్యం మీదే పడుతుంది. 80 మిమీ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), 50 మిమీ రాడ్ ఉన్న సిలిండర్‌లో దీనివల్ల ప్రెషర్ దాదాపు రెండున్నర రెట్లవుతుంది. కొద్దిగా అరిగిన స్పూల్ కూడా అప్పుడు బాగా లీకవుతుంది. అందుకే రెండూ కలిసి పాడైనట్టు కనిపించే బండ్లు ఉంటాయి.

రాడ్ బయటికి వస్తూ జారితే లెక్క వేరు. రాడ్ వైపు ఆయిల్ పిస్టన్ దాటి వెనక్కి పోగలదు, మిగిలిన ఖాళీ వాక్యూమ్‌గా ఉండిపోతుంది. ఈ సందర్భంలో ఒక్క పిస్టన్ సీల్ లీకయినా జారుడుకు చాలు.

పిస్టన్ సీల్‌ను విప్పకుండా పరీక్షించే పద్ధతి ఇది. రాడ్ పూర్తిగా చాపి, ప్రెషర్ వదిలి, రాడ్ వైపు హోస్ విప్పండి. హోస్ చివరకు ఆ ప్రెషర్ తట్టుకునే స్టీలు ప్లగ్ బిగించండి. సిలిండర్ పోర్టును మాత్రం తెరిచే ఉంచి, దానికి ముక్క పైపు తగిలించి డబ్బాలోకి వదలండి. ఇంజిన్ ఐడిల్‌లో లివర్‌ను చాపే వైపే పట్టండి, రెండో వైపు ముట్టొద్దు. మొదట కాస్త ఆయిల్ కారి ఆగిపోతే సీల్ బాగున్నట్టు. ధార ఆగకపోతే సీల్ పోయింది. పొరపాటున సిలిండర్ పోర్టునే మూసేస్తే పై కొలతల సిలిండర్‌లో 200 బార్ కాస్తా రాడ్ వైపు దాదాపు 328 బార్ అవుతుంది. గ్లాండ్ (రాడ్ బయటికి వచ్చే చోట ఉండే సిలిండర్ మూత) ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

బ్యారెల్ మధ్యలో ఉబ్బి ఉంటే ఈ పరీక్షలో దొరకదు, ఎందుకంటే పిస్టన్ అప్పుడు చివర ఉంటుంది. ఒకే ఎత్తు దగ్గర మాత్రమే జారుతోందంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

సిలిండర్ బాగుందని తేలితే పోర్ట్ రిలీఫ్‌లు మార్చి చూడండి. అదీ కాకపోతే స్పూల్ సెక్షన్. స్పూల్‌నూ దాని బాడీనీ జతగా అరగదీసి అమరుస్తారు కాబట్టి విడి స్పూల్ తెచ్చి వేస్తే కుదరదు, సెక్షన్ మొత్తం మార్చాలి.

ఎత్తబోతే ముందు ఒకసారి కుంగి, తర్వాత లేస్తోంది

దోషి లోడ్ చెక్ వాల్వ్, అంటే లోడు బరువుకు ఆయిల్ వెనక్కి పోకుండా ఆపేది. సీటులో మురికి, విరిగిన స్ప్రింగ్, అరిగిన పాపెట్ (సీటు మీద కూర్చుని మూసే ముక్క) ఈ మూడింటిలో ఒకటి. లివర్ మధ్యలో ఉన్నంతసేపు బకెట్ కదలకుండా నిలుస్తోందంటే సిలిండర్ జోలికి వెళ్లొద్దు.

కుదుపులు, నురగ, పంపు అరుపు

ట్యాంక్ నుంచి గాజు సీసాలో ఆయిల్ పట్టి పక్కన పెట్టండి. అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అందులో ఉన్నది గాలి. గంటలు గడిచినా పాలలాగే ఉంటే నీళ్లు. నీళ్లయితే ఆయిలూ ఫిల్టర్లూ మార్చి, బ్రీదర్ మూత (ట్యాంక్‌కు గాలి ఆడే మూత) ఎలా ఉందో చూడాలి. గాలైతే సక్షన్ వైపు క్లాంపుల చుట్టూ ఒక్కొక్కచోట గ్రీజు దట్టించండి. ఎక్కడ దట్టించినప్పుడు పంపు శబ్దం మారిందో అక్కడే పీలుస్తోంది. సక్షన్ లైన్ బయటికి కారదు, లోపలికి లాగుతుంది కాబట్టి కంటితో వెతికితే దొరకదు.

బకెట్ ఊగుతోంది

లోడు దించేటప్పుడు టక్కుమని కొట్టుకోవడం, అంచు పైకీ కిందికీ ఆడటం ఎక్కువగా పిన్నులూ బుష్షుల అరుగుదలే. బకెట్‌ను నేల నుంచి కాస్త లేపి, గడ్డపారతో అంచు లేపి చూడండి. రాడ్ కదలకుండా బకెట్ మాత్రమే ఆడితే హైడ్రాలిక్స్‌లో తప్పు లేదు.

సిలిండర్ విప్పక తప్పకపోతే

రాడ్ మీద గోరుతో గీసి చూడండి. గోరు పట్టుకునేంత గీత ఉంటే కొత్త గ్లాండ్ సీల్ కొన్నాళ్లకే చిరుగుతుంది, రాడ్‌కు మళ్లీ క్రోమ్ వేయించాలి. వంగిన రాడ్‌కు సీల్ మార్చడం దండగ. సీల్ పెదవి ప్రెషర్ వచ్చే వైపుకు తిరిగి ఉండాలి. పిస్టన్ నట్‌ను మాన్యువల్ టార్క్‌కు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

బిగించాక ఇంజిన్ ఐడిల్‌లో సిలిండర్‌ను నెమ్మదిగా, చివరలకు తగలనివ్వకుండా కొన్నిసార్లు చాపి ముడవండి. లోపల గాలి ఉండగా ఒక్కసారిగా ప్రెషర్ పెడితే ఆ గాలీ ఆయిల్ ఆవిరీ డీజిల్ ఇంజిన్‌లోలా అంటుకుని కొత్త సీల్ అంచులను కాల్చేస్తాయి. కదలిక నునుపుగా వచ్చాకే చివరిదాకా పోనిచ్చి, ఆయిల్ లెవెల్ మళ్లీ నింపండి. పాత సీల్ ముక్కలుగా ఊడి ఉంటే రిటర్న్ ఫిల్టర్ కూడా అప్పుడే మార్చండి.