పరుగు ఆపినా కుక్క రొప్పు తగ్గట్లేదా? ముందు పెదవి ఎత్తి చూడండి

సమస్య: రోజూ అదే దూరం, అదే దారి. కానీ ఈ మధ్య పరుగు ఆపి పది నిమిషాలైనా కుక్క నాడి వేగం దిగట్లేదు.

"ఒళ్లు పెరిగింది, ఇంకో కిలోమీటరు పరిగెత్తిద్దాం" అనుకోకండి. కుక్క వెనక కాలి తొడ లోపల నాడి పట్టడం మీకు వచ్చే ఉంటుంది. మరి విశ్రాంతిగా పడుకున్నప్పుడు ఎంతుందో ఎప్పుడైనా రాసుకున్నారా? పెద్ద జాతులకు సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100. ఆ అంకె లేకుండా పరుగు తర్వాతి అంకెతో ఏమీ తేలదు. పూర్తిగా 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కుక్క నాడి ఊపిరి పీల్చినప్పుడు వడిగా, వదిలినప్పుడు నిదానంగా కొడుతుంది, పది సెకన్ల లెక్క తప్పుతుంది.

తర్వాత ఉక్కపోత. కొత్తపట్నం, మైపాడు తీరాల్లో తెల్లవారుజామున కూడా గాలి తడిగా ఉంటుంది. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే, తడిగాలిలో అది సరిగా పనిచేయదు. పైగా ఇసుకలో పరుగు రోడ్డు మీద పరుగుకంటే బరువు. అందుకే ఒకే నేల మీద, ఒకేలాంటి వాతావరణం ఉన్న రోజుల లెక్కలనే పోల్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నాడి దిగకపోతే, పిడుదుల జ్వరాన్ని, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే రక్తపు జబ్బును, అనుమానించండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మా రాజా తిండి బాగానే తినేవాడు, తోక ఊపేవాడు. బరువే కారణమనుకుని మూడు వారాలు తిండి తగ్గించి, పరుగు పెంచాను. ఒకరోజు పెదవి ఎత్తితే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు ఎర్రబడాలి, వాడికి అంతకన్నా ఎక్కువే పట్టింది. కాలి వేళ్ల మధ్య, చెవి మడతలో పిడుదులు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి. ఈ జబ్బు నెలల తరబడి పైకి కనబడకుండా లోపలే ఉండగలదు. దీనివల్ల రక్తం తగ్గితే గుండె ఎక్కువ కొట్టుకోక తప్పదు.

పరిష్కారం: పరుగు వెంటనే ఆపండి. పశువైద్యుడితో రక్తకణాల లెక్క చేయించండి. రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే స్లైడులో క్రిమి కనబడలేదని ఊరుకోవద్దు. సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు ఇస్తారు, వారానికే హుషారు వచ్చినా మానొద్దు. పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి, అందుకే కుక్కతోపాటు అది పడుకునే చోటుకీ మందు కొట్టించాలి.

గుండెజబ్బు, థైరాయిడ్ సమస్య కూడా ఉండొచ్చు. అవి డాక్టరే చూస్తారు.

రక్తం మామూలు స్థాయికి వచ్చాక మొదటి వారం నడకే. విశ్రాంతి నాడి పాత అంకెకు చేరాకే పరుగు.