పుస్తకం మూశాకే అసలు చదువు

కర్నూలులో మా చిన్నాయన కొడుకు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఒకే పాఠాన్ని రాత్రంతా పదిసార్లు తిరగేస్తాడు, మూడో రోజుకి సున్నా. తప్పు వాడి బుర్రది కాదు. 2000లో నోబెల్ పంచుకున్న మెదడు శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తల మీద చూపించింది ఇదే: ఒకేసారి ఇచ్చిన శిక్షణ తొందరగా చెరిగిపోతుంది, రోజుల ఎడంతో ఇస్తే వారాలు నిలుస్తుంది. ఎందుకంటే నాడీకణాల మధ్య కొత్త అతుకులు పుట్టాలి, వాటికి కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి. టైం పడుతుంది మరి.

అందుకే ఇవాళ్టి పాఠం రేపు, మళ్ళీ మూడు రోజులకి, ఆపైన వారానికి చూడమన్నాను. అంటే చదవడం కాదు, పుస్తకం లేకుండా కొండారెడ్డి బురుజు దాకా నడుస్తూ గుర్తుచేసుకోవడం. తట్టనివే ఇంటికొచ్చి తెరవాలి. మొదటి వారం ఏమీ రావట్లేదని టెన్షన్ పడ్డాడు, అది మామూలే.