పాత గ్రానైట్ క్వారీలో పొదలు నాటే ముందు జాగ్రత్తలు

కుప్పం, పలమనేరు వైపు తవ్వి వదిలేసిన క్వారీని మళ్లీ పచ్చగా చేయాలనుకుంటే, గడ్డపార పట్టకముందే ఇవి చూసుకోండి.

- భూమి ఎవరిదో తేల్చుకుని, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

- నీళ్లు నిండిన గోతి అంచున ఎవరినీ నిలబడనివ్వకండి. రాళ్ల మధ్య వైర్లు, పేలని మందు కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

- రాతి ముక్కల గుట్టపై వాన నీరు నిలవదు. కాబట్టి పైమన్ను తేక తప్పదు. చెరువు పూడిక మట్టి చౌకే కానీ, అందులో సర్కారు తుమ్మ గింజలుంటే పొదలకు బదులు ముళ్లకంపే మిగులుతుంది. తెచ్చిన మట్టిని తడిపి, ఏం మొలుస్తుందో చూశాకే పరచండి.

- తంగేడు, బందారులను మేకలు పెద్దగా ముట్టవు; ముందు వాటినే నాటండి. పక్షుల కోసం కలివి, పరికి, రేగు. ఫొటోలో తొందరగా పచ్చగా కనిపించాలని సుబాబుల్ నింపడం నాకు నచ్చదు. అలా చేస్తే అది పొదల నేల కాదు, ఒకే చెట్టు తోట.

- తొలకరికే తొందరపడకండి. ఇక్కడ అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలున్నాయి. వాటికి కాస్త ముందు నాటితే నీళ్ల ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది.

- రాళ్ల కుప్పలన్నీ చదును చేయకండి. తొండలు, ముంగిసలు, పాములు ఉండేది అక్కడే. రక్తపింజర కూడా ఉండొచ్చు, చేతులు పెట్టకండి. క్వారీ రాతి గోడ అరల్లో గుడ్లగూబ గూడుంటే ఆ వైపు పని ఆపండి.

- కౌండిన్య అభయారణ్యం దగ్గరైతే ఏనుగుల కదలికలు అటవీ సిబ్బందిని అడిగి, చీకటి పడకముందే వచ్చేయండి.

- నిండు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, పొదల్లో పని చేశామని డాక్టరుకు చెప్పండి. పొదల్లోని చిన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు.